తేదీ లేని పాత పుస్తకం, పాత ఉత్తరం ఏ కాలానిదో పట్టుకోవడం ఎలా?

"మా జేజినాయన పెట్టెలో ఒక పుస్తకం దొరికింది, ముందు పేజీలు లేవు, ఎన్నేళ్ల నాటిదో చెప్పండి." వారానికి ఒకరైనా ఇదే ప్రశ్న అడుగుతారు. దాంతోపాటు అట్ట ఫొటో ఒకటి పంపుతారు. అట్ట చూసి కాలం చెప్పడమంటే చొక్కా చూసి వయసు చెప్పినట్టే. ఆ చొక్కా ఎప్పుడైనా మార్చుకుని ఉండొచ్చు.

అందుకే పద్ధతంతా ఒకచోట రాస్తున్నాను. అచ్చు పుస్తకాలు, ఉత్తరాలు, అచ్చు బొమ్మల వరకే ఇది పనికొస్తుంది. తాటాకు గ్రంథాల సంగతి వేరు, వాటి జోలికి పోవడం లేదు. ఉదాహరణలు ఎక్కువగా కడప, కర్నూలు, అనంతపురం వైపువి. నేను చూసే కాగితాలు ఇక్కడివే కాబట్టి.

ఏమేం కావాలి

- భూతద్దం. స్టేషనరీ అంగట్లో దొరికేది చాలు.
- టార్చి లేదా ఫోన్ లైటు
- పెన్సిలు, తెల్ల కాగితం చీటీలు. పెన్ను బల్ల మీదే ఉండకూడదు.
- మెత్తటి బ్రష్, ఉతికిన కాటన్ గుడ్డ
- అరవై తెలుగు సంవత్సరాల పేర్ల పట్టిక. ఇంట్లో పంచాంగం ఉంటే అందులోనే ఉంటుంది.
- కడిగి, తడి పూర్తిగా ఆరిన చేతులు. తెల్ల గ్లౌజులు వద్దు. వాటితో పేజీ అంచు తెలియదు, చిరుగుతుంది.

మొదలుపెట్టే ముందు

చిరిగిన చోట సెల్లోటేపు అంటించొద్దు. లామినేషన్ అసలే చేయించొద్దు. ఒకసారి చేయిస్తే కాగితాన్ని మళ్లీ బయటికి తీయలేం. అక్షరాలు బాగా కనబడాలని తడి గుడ్డతో తుడవొద్దు. పాత ఉత్తరాల్లో కొన్నింటిని ఒక రకం పెన్సిలుతో రాశారు. మామూలు పెన్సిలు రాతలాగే కనిపిస్తుంది, తడి తగిలితే ఊదారంగులోకి మారి పాకిపోతుంది. చూస్తుండగానే ఉత్తరం పోతుంది.

లైబ్రరీలో చూస్తున్నారా? అక్కడి నియమమే నియమం. కడప ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ పేరిట ఉన్న గ్రంథాలయానికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా ఫొటో తీసే ముందు అడగండి, ఫ్లాష్ ఆపేయండి, పుస్తకాన్ని వెల్లకిలా బలవంతంగా విప్పొద్దు.

1. ముందు రెండు గట్లు వేయండి

ఒక సంవత్సరం చెప్పేయాలన్న తొందర వదలండి. చేనుకు గట్లు వేసినట్టు కాలానికి రెండు గట్లు వేయాలి. ఒకటి "ఇంతకంటే ముందుది కాదు", రెండోది "ఇంతకంటే తర్వాతది కాదు". దొరికిన ప్రతి ఆధారం ఈ రెంటిలో ఏదో ఒక గట్టును లోపలికి జరుపుతుంది. ఏ గట్టునూ కదిలించని ఆధారం చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా మీ లెక్కకు పనికిరాదు.

కాగితం పసుపుబారింది, అంచులు విరుగుతున్నాయి కాబట్టి బాగా పాతది అనుకుంటారు చాలామంది. నిజం దాదాపు తిరగబడి ఉంటుంది. పాత గుడ్డపేలికల కాగితం నూటయాభై ఏళ్లయినా మెత్తగా, గట్టిగా ఉంటుంది. పొడిపొడిగా రాలేది ఆ తర్వాత వచ్చిన చెక్కగుజ్జు కాగితం. 1950ల నాటి చౌక పుస్తకం ముట్టుకుంటే విరుగుతుంది. దానికంటే వందేళ్ల ముందుది హాయిగా తిరగేయొచ్చు.

2. తెలుగు సంవత్సరం ఉంటే అక్కడే కూర్చోండి

మన పాత కాగితాల్లో ఎక్కువగా దొరికేదీ, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ప్రభవ 1807, 1867, 1927, 1987 సంవత్సరాల ఉగాదికి మొదలైంది. పట్టికలో మీ సంవత్సరం ఎన్నోదో చూసి, అందులో ఒకటి తగ్గించి, ఈ సంఖ్యలకు కలపండి. ధాత పదోది. 1867కు తొమ్మిది కలిపితే 1876. సీమలో ధాత కరువు అని పెద్దవాళ్లు చెప్పుకునేది ఆ ఏడాదిదే. 1876-78 నాటి పెద్ద కరువు అప్పుడు మొదలైంది.

ఇందులో మూడు గుంతలు ఉన్నాయి.

మొదటిది, అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు మళ్లీ వస్తుంది. ధాత 1816లో ఉంది, 1876లో ఉంది, 1936లో ఉంది. పేరొక్కటే చూసి ఏదని తేల్చలేం, రెండో ఆధారం ఉండాల్సిందే.

రెండోది, ఉగాది మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. కాబట్టి మాఘం, ఫాల్గుణం ఇంగ్లీషు లెక్కలో తర్వాతి సంవత్సరంలో పడతాయి. పుష్యంలోనూ చాలా భాగం అంతే. ధాత మాఘం 1876 కాదు, 1877.

మూడోది, కవల పేర్లు. ప్రమాది పదమూడోది, ప్రమాదీచ నలభై ఏడోది. విరోధి ఇరవై మూడు, విరోధికృతు నలభై అయిదు. క్రోధి ముప్పై ఎనిమిది, క్రోధన యాభై తొమ్మిది. శుభకృతు, శోభకృతు పక్కపక్కనే ఉంటాయి. హేవిళంబి, విళంబి కూడా అంతే. ప్లవ, ప్లవంగ ఉండనే ఉన్నాయి. ఉత్తరం రాసినాయన చివరి అక్షరాలు మింగేసి "విరోధి॥" అని గీత పెట్టేస్తే అది రెంటిలో ఏదైనా కావచ్చు.

ఈ గుంతల్లో నేనూ పడ్డాను. ఒకాయన తెచ్చిన ఉత్తరంలో "విరోధి సం॥ మాఘ" అని ఉంది. చేతిరాత చాలా పాత పద్ధతిలో ఉండేసరికి ధైర్యంగా 1889 అని చీటీ రాసిచ్చాను. ఇంటికొచ్చి ఫొటో మళ్లీ చదివితే నాలుగో వరుసలో "కంట్రోలు బియ్యం" కనబడింది! 1889లో రేషనూ లేదు, కంట్రోలూ లేదు. అది తర్వాతి విరోధి, అంటే 1949-50. మాఘం కాబట్టి 1950. రాసినాయన పాతకాలం బడిలో చదివిన ముసలాయన, అందుకే ఆ చేతిరాత. ఒకే చీటీలో రెండు తప్పులు, అరవై ఒక్క ఏళ్ల తేడా. అప్పట్నుంచి ఉత్తరం మొత్తం చదవకుండా తేదీ చెప్పడం మానేశాను.

తిథి, వారం రెండూ ఉంటే మీ అదృష్టం. అనుమానం ఉన్న రెండు సంవత్సరాల్లోనూ ఆ తిథి ఏ వారం వచ్చిందో పాత పంచాంగంలోనో, తిథులను ఇంగ్లీషు తేదీలతో జతచేసి చూపే స్వామికన్ను పిళ్ళై కాలదర్శినిలోనో చూడండి. మామూలుగా ఒక్కదానికే కుదురుతుంది. వారాల పేర్ల దగ్గర జాగ్రత్త. స్థిరవారం, మందవారం రెండూ శనివారమే. భౌమవారం మంగళవారం, భృగువారం శుక్రవారం. "శు" అని ఒక్క అక్షరం ఉంటే అది శుద్ధమా శుక్రవారమా అన్నది అది ఉన్న చోటును బట్టి తెలుసుకోవాలి. తిథి అంకెకు ముందుంటే శుద్ధం, తర్వాత ఉంటే వారం.

3. శకం, ఫసలీ అంకెలు

శాలివాహన శకానికి 78 కలపండి. ఫసలీకి, అంటే శిస్తు లెక్కల సంవత్సరానికి, 590 కలపండి. ఫసలీ మన వైపు జూలై 1న మొదలై మరుసటి జూన్ చివరికి ముగుస్తుంది. పట్టాలు, శిస్తు రసీదులు చూసిన రైతులకు ఇది నేను చెప్పక్కర్లేదు.

అంకెలను పేరుతో సరిచూడడం మర్చిపోవద్దు. శకం 1798, ఫసలీ 1286, ధాత, ఈ మూడూ 1876 దగ్గర కలుస్తాయి. ఒక ఏడాది తేడా వస్తే కంగారు పడొద్దు. గడిచిన ఏడాదిని లెక్కపెట్టేవాళ్లు, నడుస్తున్న ఏడాదిని లెక్కపెట్టేవాళ్లు ఇద్దరూ ఉండేవారు. అయిదారేళ్ల తేడా వస్తే మాత్రం మీరు అంకె తప్పు చదివారు.

తప్పు చదవడం చాలా తేలిక. తెలుగు అంకెలు ఇప్పుడు ఎవరికి అలవాటు ఉంది కనక! ౧ని సున్నాగా, ౬ని ౭గా చదివేస్తారు. ఇంకో తమాషా, పాత అచ్చులో పదం మధ్యలో ౯ కనిపిస్తుంది. అది తొమ్మిది కాదు, వలపలగిలక, అంటే "ర్"కు గుర్తు. "ధమ౯ము" అని ఉంటే ధర్మము అని చదవాలి. మధ్యలో తొమ్మిది ఎందుకొచ్చిందని ఒక కుర్రాడు పేజీ నంబర్లతో లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నాడు, పాపం.

4. ధర చూడండి

వెనక అట్ట, లేదా ముఖపత్రం అడుగు. "రు. 1-8-0" అని మూడు గళ్లలో ఉంటే రూపాయి ఎనిమిది అణాలు. అణాల లెక్క 1957 ఏప్రిల్ 1న పోయింది. "న.పై." అని ఉంటే కొత్త నయాపైసల కాలం, 1957 నుంచి 1964 వరకు. గట్లు ఇంత దగ్గరగా పడే ఆధారం ఇంకోటి అరుదు.

రబ్బరు స్టాంపుతో కొట్టిన ధరను నమ్మొద్దు. అమ్ముడుపోని పాత సరుకుకు అంగడివాళ్లు తర్వాత వేసిన ధర అది. పుస్తకంతోపాటు అచ్చయిన ధరే మనకు లెక్క.

5. అచ్చుకూటం వివరాలు

ముఖపత్రం పోయినా కంగారు లేదు, ఆఖరి పేజీ అడుగున చూడండి. చాలా పుస్తకాల్లో ముద్రాక్షరశాల పేరు అక్కడ మళ్లీ వేస్తారు. చెన్నపురి, చెన్నపట్నం అని ఉంటుంది. మన జిల్లాల పుస్తకాలు కూడా చాలావరకు అక్కడే అచ్చయ్యాయి కాబట్టి ఊరి పేరును బట్టి పుస్తకం కడపది కాదనుకోవద్దు.

"1867వ సంవత్సరపు 25వ ఆక్టు ప్రకారం రిజిస్టరు చేయబడినది" అనే వరుస ఉంటే ముందు గట్టు 1867 దగ్గర పడింది. ఆ చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీద ముద్రాపకుడి పేరు, ఊరు వేయాల్సి ఉండేది.

ఇక్కడ అందరూ చేసే పెద్ద తప్పు పీఠిక తేదీని పుస్తకం తేదీ అనుకోవడం. పీఠిక మొదటి కూర్పుకు రాసింది. నాలుగో కూర్పులోనూ అదే పీఠిక, అదే తేదీ అలాగే అచ్చవుతుంది. వేమన పద్యాలనే తీసుకోండి. బ్రౌన్ దొర అచ్చు వేయించింది 1829లో. మళ్లీ 1839లో ఇంకో కూర్పు వచ్చింది. ఆ తర్వాత ఎంతమంది ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. లోపల 1829 ప్రస్తావన ఉన్నంత మాత్రాన మీ చేతిలో ఉన్నది 1829 పుస్తకం అయిపోదు. ఆయన నిఘంటువు కూడా అంతే. 1852 అన్న మాట ముందుమాటలో ఉంటుంది, పుస్తకం మాత్రం మొన్నటి పునర్ముద్రణ అయి ఉంటుంది. "ద్వితీయ ముద్రణము", "పునర్ముద్రణము" అన్న చిన్న అక్షరాల కోసం భూతద్దం పెట్టి వెతకండి.

మరొకటి. ఒకే అట్టలో మూడు నాలుగు చిన్న పుస్తకాలు కుట్టి ఉండడం మామూలే. శతకాలు, నాటకాలు అలా కుట్టించుకునేవారు. పేజీ నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలైన ప్రతిచోటా కొత్త పుస్తకమే. దేని తేదీ దానిదే. అట్ట లోపల అంటించిన పాత న్యూస్‌పేపరు తేదీ బైండింగుకు వర్తిస్తుంది, పుస్తకానికి కాదు.

6. చిరునామాలో జిల్లా పేరు

ఇది నాకు చాలా ఇష్టమైన ఆధారం. మన సీమలో జిల్లాల గీతలు ఎన్నిసార్లు మారాయో అన్ని గట్లు దొరుకుతాయి.

- బళ్ళారి జిల్లా అనంతపురం అంటే 1882కు ముందు. ఆ ఏడాదే అనంతపురం జిల్లా విడిపోయింది.
- కడప జిల్లా మదనపల్లె అంటే 1911కు ముందు. చిత్తూరు జిల్లా అప్పుడు ఏర్పడింది.
- బళ్ళారి జిల్లా ఆదోని, ఆలూరు, రాయదుర్గం అంటే 1953కు ముందు.
- కర్నూలు జిల్లా మార్కాపురం అంటే 1970కి ముందు. ఆ ఏడాది ఒంగోలు జిల్లాలోకి పోయింది, 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది.
- దత్తమండలం అని ఉంటే 1800 తర్వాత. నైజాము ఈ సీమను కంపెనీకి ఇచ్చింది అప్పుడే. రాయలసీమ అన్న మాట 1928 నంద్యాల సభతో వాడుకలోకి వచ్చింది.
- ప్రభుత్వ కాగితం మీద "ఆంధ్ర రాష్ట్రము, కర్నూలు" అని ఉంటే 1953 అక్టోబరు 1కీ 1956 అక్టోబరు నెలాఖరుకీ మధ్య. కర్నూలు రాజధానిగా ఉన్నది ఆ మూడేళ్లే.
- ఇంగ్లీషులో కడపను ఇప్పటి స్పెల్లింగుతో రాస్తే 2005 తర్వాతి ముద్ర.
- పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత. 516 కడప వైపు, 515 అనంతపురం, 518 కర్నూలు.

జనం అలవాటు చట్టంతో పాటు మారదు. జిల్లా మారిన పదేళ్ల వరకూ పాత పేరే రాసేవాళ్లు ఉంటారు. ప్రైవేటు ఉత్తరమైతే గట్టును కొంచెం వదులుగా వేయండి. ఆఫీసు ముద్ర అయితే బిగించొచ్చు.

7. స్టాంపు, తపాలా ముద్ర

కవరు ఉంటే ఉత్తరాన్ని దాన్నుంచి విడదీయకండి. స్టాంపు కోసం కవరు మూల కత్తిరించిన పిల్లలు ఎన్ని తేదీలు పారేశారో!

విక్టోరియా రాణి బొమ్మ ఉండి "ఈస్ట్ ఇండియా" అని ఉంటే 1882కు ముందు తరహా. ఎడ్వర్డు బొమ్మవి 1902 నుంచి, అయిదో జార్జి 1911 నుంచి, ఆరో జార్జి 1937 నుంచి వచ్చాయి. ఈ ఇద్దరు జార్జిల్లో గడ్డం లేనాయన ఆరో జార్జి. పోస్టుకార్డు అన్నదే 1879లో కాలణా ధరతో మొదలైంది. ఇన్లాండ్ లెటరు 1950లో వచ్చింది.

స్టాంపు "ముందుది కాదు" అన్న గట్టు మాత్రమే వేస్తుంది. పాత స్టాంపులు ఇంట్లో దాచుకుని తర్వాత వాడినవాళ్లు ఉన్నారు. రెండో గట్టు తపాలా ముద్రది. ముద్రలో సంవత్సరం రెండంకెలే ఉంటే రాజు బొమ్మతో కలిపి చదవండి. బాల్ పెన్ను రాత ఉంటే ఆ రాత 1945కు ముందుది కాదు. అయితే ఉత్తరం మీద ఎవరో తర్వాత రాసుకున్న లెక్కను ఉత్తరమే అనుకోకండి.

8. బొమ్మలు

భూతద్దం కింద చుక్కలు గళ్లలా వరుసగా, క్రమంగా ఉంటే ఫొటో బ్లాకు అచ్చు లేదా ఇప్పటి ఆఫ్‌సెట్. చుక్కలు చెదురుమదురుగా, చేత్తో పెట్టినట్టు ఉంటే రాతి అచ్చు. గీతల అంచుల్లో సిరా దట్టంగా పేరుకుని, వెనకవైపు వేలికి నొక్కు తగిలితే చెక్క అచ్చో లోహపు బ్లాకో.

పూజగదిలో రవివర్మ పటం ఉందని సంబరపడేవాళ్లకు ఒక్క మాట. ఆయన ముద్రణాలయం 1894లో బొంబాయిలో మొదలైంది. ఆయన 1906లో పోయారు. బొమ్మల అచ్చు మాత్రం ఆగలేదు. పటం మీది సంతకం చిత్రానిది, ఆ కాగితం ఎప్పుడు అచ్చయిందో అది చెప్పదు. చుక్కలు గళ్లలో ఉంటే అది తర్వాతి నకలు. చూడ్డానికి పటం పగలగొట్టి తీయకండి, అద్దం మీంచే కనిపిస్తుంది.

9. రెండో గట్టు కోసం చేతిరాతలు వెతకండి

కొన్నవాళ్ల సంతకం, "చి॥ ... కు ఆశీస్సులతో", బడిలో ఇచ్చిన బహుమతి చీటీ, లైబ్రరీ ముద్ర, చేర్పు సంఖ్య, ఇవన్నీ "తర్వాతది కాదు" అన్న గట్టు వేస్తాయి. లైబ్రరీ పుస్తకమైతే చేర్పు రిజిస్టరు చూపించమని అడగండి. ఆ నంబరు ఏ ఏడాది పడిందో అందులో దొరుకుతుంది.

సరిపోయిందో లేదో చూసుకోవడం

ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలైనా ఒకేచోట కలవాలి. ధర, చిరునామా కలిస్తే మంచిదే. పీఠిక తేదీ, పీఠికలో పేర్కొన్న సంఘటన కలిస్తే అది రెండు ఆధారాలు కాదు, ఒకటే.

తర్వాత అదే పుస్తకం ఇంకెక్కడైనా ఉందేమో చూడండి. బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ చేసిన జాబితా 1912లో వచ్చింది. అంతకుముందు అచ్చయిన పుస్తకాలకు అది బాగా పనికొస్తుంది. ఆర్కైవ్.ఆర్గ్‌లో స్కాన్ ఉంటే మీ ప్రతి పక్కన పెట్టి పేజీల సంఖ్య, వరుసల విరుపు పోల్చండి. అక్కడ శీర్షిక పక్కన వేసిన సంవత్సరాన్ని మాత్రం నమ్మొద్దు, చాలా తప్పులుంటాయి. స్కాన్‌లో ముఖపత్రం తెరిచి మీ కళ్లతో చదవండి.

ఒక కార్డు మీ చేతికొచ్చిందనుకోండి. కాలణా పోస్టుకార్డు, చిరునామా బళ్ళారి జిల్లా అనంతపురం, లోపల "ప్రమాది". కార్డు కాబట్టి 1879కు ముందుది కాదు. జిల్లా పేరును బట్టి 1882 దాటి ఎంతో దూరం పోదు. ప్రమాది 1879-80లో వచ్చింది, కుదిరింది. దాన్ని ప్రమాదీచ అని చదివి ఉంటే 1913 అని వచ్చేది. అప్పటికి అనంతపురం జిల్లా అయి ముప్పై ఏళ్లు దాటింది కాబట్టి చిరునామానే మీ తప్పు పట్టిచ్చేది.

తేలినదాన్ని విడి చీటీ మీద పెన్సిలుతో రాసి లోపల పెట్టండి. "1879–80. ఆధారం: కార్డు ధర, జిల్లా పేరు, సంవత్సరం పేరు" అని ఇంతే. ఆధారం రాయకుండా అంకె ఒక్కటే రాస్తే తర్వాత చూసేవాళ్లు మళ్లీ మొదటినుంచి తవ్వుకోవాలి. పుస్తకం మీద నేరుగా రాయొద్దు. చీటీని గుండుసూదితో, పిన్నుతో గుచ్చొద్దు, తుప్పు పడుతుంది.

ఇంత చేసినా తేలకపోతే ఎవరినైనా అడగండి. అట్ట ఫొటో మాత్రం పంపొద్దు. ముఖపత్రం, దాని వెనకవైపు, ఆఖరి పేజీ అడుగు, చేతిరాత ఉన్న ఏదైనా ఒక పేజీ, ఈ నాలుగూ కిటికీ వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి తీయండి. ఉత్తరమైతే కవరు రెండు వైపులా.